గనుల దిగువ పొలాలకు భూసార పరీక్ష ఒక్కటే చాలదు

సంపాదకులకు,

గని మూతపడినప్పుడు ఉపాధి గురించి, పరిహారం గురించి చర్చ జరుగుతుంది. తవ్వకం ఆగిన తర్వాత కూడా దశాబ్దాల తరబడి అక్కడే ఉండిపోయే వ్యర్థాల దిబ్బలను, వాటి దిగువనున్న పొలాల మట్టిని మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు.

సీసం, జింకు, రాగి ఖనిజాలను పిండిచేసి లోహాన్ని వేరుచేశాక మిగిలే సన్నని పొడిలో సల్ఫైడ్లు, అంటే గంధకంతో కలిసిన లోహ సమ్మేళనాలు, ఉండిపోతాయి. వాటికి గాలి, వాననీరు తగిలితే ఆమ్లం పుట్టి, కాడ్మియం, జింకు వంటి లోహాలను కరిగించి పల్లానికి చేరుస్తుంది. సీసం అంత సులువుగా కరగదు గానీ దుమ్ముగా ఎగిరి పైమట్టిలో పేరుకుపోయి, తరాల పాటు అక్కడే ఉంటుంది. జాంబియాలోని కబ్వేలో సీసం గని 1994లోనే మూతపడినా, ఆ దిబ్బల చుట్టూ పెరిగే పిల్లల రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో కనిపిస్తూనే ఉంది. నేలమీద పాకే బిడ్డ మట్టి చేతిని నోట్లో పెట్టుకోవడమే అందుకు చాలు.

వరి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడవలసినది. జపాన్‌లో కమియోకా గని నుంచి జింజూ నదిలోకి చేరిన కాడ్మియం, ఆ నీటితో పండిన బియ్యం ద్వారా మనుషుల ఒంట్లో చేరి, మూత్రపిండాలను దెబ్బతీసి, ఎముకలను చిన్నపాటి కదలికకే విరిగేంతగా గుల్లబార్చింది. అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని అక్కడి ప్రభుత్వం 1968లో అంగీకరించింది. పొలాల్లో మట్టి మార్చే పని పూర్తయ్యేసరికి 2012 వచ్చింది. మడిలో నీరు నిలిచి ఉన్నంతకాలం కాడ్మియం గంధకంతో కలిసి కరగని రూపంలో ఉంటుంది. వరి ఈనే దశలో మడిని ఆరబెడితే తిరిగి కరిగి గింజకెక్కుతుంది. ఇటువంటి వ్యర్థాల్లో ఉండగల మరో విషపదార్థమైన ఆర్సెనిక్ దీనికి పూర్తిగా విరుద్ధం, నీరు నిలిచిన మడిలోనే అది వేళ్లకు ఎక్కువగా అందుతుంది. రెండూ ఉన్న నేలకు నీరు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో పరీక్షించకుండా ఎవరు చెప్పగలరు?

మామూలు భూసార పరీక్ష నత్రజని, భాస్వరం, పొటాష్, సూక్ష్మపోషకాల లోపం తెలియజేయడానికి ఉద్దేశించినది. అందులో సీసం, కాడ్మియం ఊసే ఉండదు. ఆ పత్రం చూసి నేల బాగానే ఉందనుకునే రైతుకు, పచ్చగా ఎదిగిన పైరు కూడా అదే నమ్మకం కలిగిస్తుంది. ఎందుకంటే మొక్కకు ఏ హానీ కనిపించని మోతాదులోనే గింజ తినడానికి పనికిరాకుండా పోవచ్చు. అందువల్ల దిబ్బల దిగువన, గాలివాటాన ఉన్న పొలాల్లో మట్టితో పాటు గింజనూ ఈ లోహాల కోసం పరీక్షించాలి. మట్టిలో ఉన్న మొత్తం ఎంతో తెలిస్తే సరిపోదు. అందులో పైరుకు అందేది ఎంత, నేల ఆమ్లత్వం ఎంత అన్నదీ తేలాలి. ఆమ్ల నేలకు తగిన సున్నం వేస్తే కాడ్మియం అందుబాటు చాలావరకు తగ్గుతుంది కాబట్టి, ఫలితం తెలిసిన రైతు చేయగలిగింది కొంత ఉంటుంది.

బాగా చెడిన నేలను మాత్రం తిండిపంటల నుంచి తప్పించక తప్పదు. స్పెయిన్‌లో 1998లో అజ్నాల్‌కొయ్యార్ గని వ్యర్థాల కట్ట తెగినప్పుడు అక్కడి ప్రభుత్వం బురదను ఎత్తివేయించి, ముంపు భూములను కొని, సాగు ఆపించి చెట్లు నాటించింది. అటువంటి చోట భూమి కోల్పోయే రైతుకు విలువ కట్టివ్వడం, దిబ్బలను మట్టి కప్పి, గడ్డి పెంచి దుమ్ము లేవకుండా చూడడం, పరీక్షల ఖర్చు భరించడం గని లాభాలు అనుభవించినవారి బాధ్యత. తవ్వకానికి అనుమతి ఇచ్చే రోజునే ఆ మొత్తాన్ని వారి చేత జమ చేయించాలి. పరీక్షల ఫలితాలు విత్తనం వేయకముందే రైతు చేతికి అందాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు