క్రోధి నామ సంవత్సర వార్షిక నివేదిక: సైన్స్ ఉపసంఘం పని

సంఘ సభ్యులందరికీ నమస్కారం. విశ్వావసు నామ సంవత్సర శుభాకాంక్షలు.

2024 ఏప్రిల్ 9 ఉగాది నుంచి 2025 మార్చి 30 ఉగాది వరకు మాంచెస్టర్‌లో మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. వినాయక చవితి, బతుకమ్మ, దసరా, దీపావళి, సంక్రాంతి ఎప్పటిలాగే బాగా జరిగాయి. బతుకమ్మకు వచ్చినంత మంది ఇంకే పండక్కీ రాలేదు. తెలుగు బడి నడుస్తోంది, ఇంకో ఇద్దరు టీచర్లు కావాలి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు కాబట్టి ఆ వివరాలు ఇక్కడ రాయడం లేదు.

మిగతా చోటంతా సైన్స్ ఉపసంఘానికే ఇస్తున్నాం. కిందటి సర్వసభ్య సమావేశంలో కొందరు పెద్దలు, "పండగలకే హాలు దొరక్క టెన్షన్ పడుతుంటే మధ్యలో ఈ సైన్స్ ఏంటండీ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన పిల్లలు రోజూ బస్సులో దాటిపోయే వీధిలో, ఆక్స్‌ఫర్డ్ రోడ్డు పక్కన, ఒకే పరమాణువు మందమున్న గ్రాఫీన్ అనే పదార్థాన్ని మొదటిసారి విడదీశారు. ఇక్కణ్ణుంచి మూడు గంటల ప్రయాణంలో ఉన్న సముద్రపుటొడ్డున 18 కోట్ల ఏళ్ల నాటి జీవులు రాళ్లలో దొరుకుతాయి. ఈ ఊరికి వలస వచ్చి స్థిరపడ్డాం, ఇళ్లు కొనుక్కున్నాం. ఈ నేల గొప్పతనం కూడా మన పిల్లలకు మన భాషలో చెప్పాలని కార్యవర్గం అనుకుంది. ఏడాదిలో ఏం చేశామో చదివి, కొనసాగించాలో లేదో మీరే చెప్పండి.

మొదటి కార్యక్రమం వేసవి సెలవుల్లో విట్‌బీ ప్రయాణం. యార్క్‌షైర్ తీరంలోని చిన్న ఊరది. తీరం వెంట నల్లటి షేల్ రాతి కొండ చరియలు ఉంటాయి. జురాసిక్ కాలంలో ఇక్కడ ఉన్న వెచ్చని సముద్రం అడుగున పేరుకున్న బురదే ఆ షేల్. ఒక దశలో అడుగు నీటిలో ఆక్సిజన్ దాదాపు లేకుండా పోయింది. చచ్చి కిందికి జారినవి కుళ్లిపోలేదు, తినడానికి పురుగు కూడా బతకలేదు. అందుకే అవి అంత చక్కగా నిలిచాయి. అప్పుడు నీటిలో కొట్టుకొచ్చి మునిగిన చెట్ల మొద్దులు నొక్కుకుపోయి జెట్ అనే నల్లరాయి అయ్యాయి. విక్టోరియా రాణి కాలంలో సంతాప సూచకంగా వేసుకునే నగలు దానితోనే చేసేవారు.

ఆటుపోట్ల వేళలు ముందే చూసుకుని, నీరు వెనక్కి తగ్గుతున్నప్పుడే ఒడ్డుకు దిగాం. చరియను తవ్వకూడదు, దాని కిందికి కూడా వెళ్లకూడదు. రాళ్లు రాలుతుంటాయి. ఒడ్డున విడిగా పడి ఉన్నవే ఏరుకోవాలి. మాతో వచ్చిన స్థానిక గైడ్ గుండ్రంగా, బూడిద రంగులో ఉన్న ఒక రాయిని ఏరి, అంచున సుత్తితో రెండు దెబ్బలు కొట్టారు. రాయి రెండు చిప్పలుగా విడిపోయింది. లోపల మెలికలు తిరిగిన అమ్మోనైట్ (నత్తగుల్ల లాంటి గుల్లతో ఒకప్పుడు సముద్రంలో బతికి, అంతరించిపోయిన జీవి), దాని వంపు మీద సన్నని గీతలు, ఒక్కటీ చెదరకుండా ఉన్నాయి. రాయి పగిలిన చోట సన్నగా చమురు వాసన వచ్చింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి వాసన చూశారు.

మన సభ్యుల్లో ఒకరి అమ్మగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ ఆ చిప్పను రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకున్నారు. "ఇది సాలగ్రామం కదా, మా దేవుడి గదిలో ఉంది" అన్నారు. ఆవిడ మాట నిజమే. నేపాల్‌లో కాళీ గండకి నదిలో దొరికే సాలగ్రామాల్లో చాలా వాటిలో మనం చక్రం అని దండం పెట్టుకునేది అమ్మోనైట్ అచ్చే. హిమాలయాలు లేవకముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. భారత భూఖండం ఉత్తరానికి జరిగి ఆసియాను ఢీకొన్నప్పుడు ఆ సముద్రం అడుగు మడతపడి కొండల పైకెక్కింది. నది ఆ కొండల్ని కోసి, రాళ్లను దొర్లించి కిందికి తెస్తోంది. విట్‌బీలోనూ ఇవే రాళ్లకు ఒక కథ ఉంది. 7వ శతాబ్దంలో అక్కడి మఠాన్ని నడిపిన హిల్డా అనే సాధ్వి పాములన్నిటినీ రాళ్లుగా మార్చిందంటారు. పాత రోజుల్లో వ్యాపారులు అమ్మోనైట్లకు పాము తలలు చెక్కి అమ్మేవారు. ఒక జాతికి శాస్త్రవేత్తలు హిల్డోసెరస్ అని పేరు పెట్టింది కూడా ఆమె మీదే. అమ్మగారికి ఇదంతా మనవరాలే తెలుగులో చెప్పింది. మధ్యలో ఎక్కడా ఇంగ్లీషులోకి జారలేదు. ఈ ఉపసంఘం పెట్టినందుకు నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది అదే.

అక్టోబర్‌లో గ్రాఫీన్ మీద సభ. 2004 అక్టోబర్ 22న 'సైన్స్' పత్రికలో మాంచెస్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆంద్రె గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్, వారి సహచరులు గ్రాఫీన్ గురించి రాసిన వ్యాసం వచ్చి సరిగ్గా ఇరవై ఏళ్లు. గ్రాఫీన్ మీదే పరిశోధన చేస్తున్న మన సభ్యురాలు ఒకరు తెలుగులో మాట్లాడారు. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్ అప్పడాల కట్ట లాంటిదని, అందులో ఒక్క అప్పడమే గ్రాఫీన్ అని మొదలుపెట్టారు. కర్బన పరమాణువులు ఆరు కోణాల గళ్లుగా అల్లుకుని, ఒకే పరమాణువు మందంలో పరుచుకున్న పొర అది. గ్రాఫైట్‌లో పొరకీ పొరకీ మధ్య దూరం 0.335 నానోమీటర్లు. ఒక్క మిల్లీమీటరు మందంలో దాదాపు 30 లక్షల పొరలు!

విడదీసిన పద్ధతి వింటే ఎవరికైనా ఆశ్చర్యమే. సూక్ష్మదర్శిని పనికి గ్రాఫైట్ ముక్క పైభాగాన్ని శుభ్రం చేయడానికి మామూలు సెలోటేప్ అంటించి పీకి పారేసేవారు. పారేసే ఆ టేపు మీదే పల్చటి పొరలు ఉన్నాయని వీళ్లు గమనించారు. టేపును మడిచి, విప్పి, మళ్లీ మళ్లీ పలచన చేసి, పైన ఆక్సైడ్ పూత ఉన్న సిలికాన్ పలక మీద అద్దారు. ఆ పూత మందం సరిగ్గా కుదిరితే ఒక్క పొర కూడా మామూలు మైక్రోస్కోపులో లేత నీడలా కనిపిస్తుంది. అంత పల్చటి పొర విడిగా నిలవదని 1930ల నుంచీ సిద్ధాంతం చెబుతూ వచ్చింది. 2010లో ఇద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అప్పటికి నొవొసెలోవ్ వయసు 36.

గ్రాఫీన్ గుణాల్లో సభను బాగా పట్టేసింది వెలుతురు సంగతి. ఒక్క గ్రాఫీన్ పొర తన మీద పడిన వెలుతురులో 2.3 శాతాన్ని పీల్చుకుంటుంది. ఒక్క పరమాణువు మందానికి అది చాలా ఎక్కువ. అందుకే కంటికి ఆనుతుంది. 2008లో దీన్ని మాంచెస్టర్‌లోనే కొలిచారు. ఆ వ్యాసంలో మొదటి పేరు కేరళ నుంచి వచ్చిన రాహుల్ నాయర్ గారిది. విశేషం ఏమిటంటే ఆ అంకె కొలతతోనే ఆగిపోదు. వెలుతురూ ఎలక్ట్రానూ ఒకదానితో ఒకటి ఎంత బలంగా ముడిపడతాయో చెప్పే ప్రకృతి స్థిరాంకం సుమారు 137లో ఒక వంతు. దాన్ని π తో గుణించండి. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఫోన్ తీసి 3.14ని 137తో భాగించాడు. 0.0229 వచ్చింది. "అంతేనా!" అన్నాడు గట్టిగా. అంతే. ప్రకృతి మూల స్థిరాంకం ఒకటి పెన్సిల్ పొరలో కంటికి కనబడుతోందంటే, హాలు అద్దె గురించి నాకు ఇక బెంగ లేదు.

మిగతావి క్లుప్తంగా. 2008లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో కొలిస్తే, లోపం లేని గ్రాఫీన్ తెగడానికి 130 గిగాపాస్కల్స్ ఒత్తిడి కావాల్సి వచ్చింది. ఉక్కు దాని దరిదాపుల్లోకి రాదు. వేడిని రాగి కన్నా ఎన్నో రెట్లు బాగా మోసుకుపోతుంది. 2018లో అమెరికాలోని ఎంఐటీలో రెండు పొరల్ని 1.1 డిగ్రీ కోణంలో మెలిపెట్టి బాగా చల్లబరిస్తే, కరెంటు ఏ అడ్డూ లేకుండా ప్రవహించింది.

ఒక పెద్దాయన లేచి, "ఇంత గొప్పదైతే ఇరవై ఏళ్లయినా మా ఫోన్‌లోకి ఎందుకు రాలేదమ్మా?" అని అడిగారు. మంచి ప్రశ్న. సిలికాన్‌లో కరెంటును పూర్తిగా ఆపగలం, వదలగలం. కంప్యూటర్ నడిచేది ఆ ఆపడం, వదలడం మీదే. గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లకు అడ్డుగా ఉండాల్సిన శక్తి ఖాళీ లేదు, కాబట్టి స్విచ్చి పూర్తిగా ఆరదు. లోపాల్లేని పెద్ద పొరను చవగ్గా చేయడం కూడా కష్టం. ప్రస్తుతం బూట్ల అడుగు రబ్బరు, పూతలు, కాంక్రీటు లాంటి వాటిలో కొద్దికొద్దిగా కలుపుతున్నారు. గొప్పలే చెప్పకుండా ఈ పరిమితులు కూడా చెప్పినందుకు ఆ సభ్యురాలికి కార్యవర్గం తరఫున ప్రత్యేక ధన్యవాదాలు.

చలికాలంలో పిల్లల్ని మాంచెస్టర్ మ్యూజియానికి తీసుకెళ్లాం. ప్రవేశం ఉచితం. శిలాజాల గదిలో డైనోసార్ దగ్గరే అందరూ ఆగిపోతారు కాబట్టి, ముందుగానే సముద్ర సరీసృపాల గురించి పిల్లలకు చెప్పి ఉంచాం. 2024 ఏప్రిల్‌లో వార్తల్లో వచ్చిన ఇక్థియోటైటన్ వాళ్లకు బాగా నచ్చింది. దాని దవడ ఎముక సోమర్‌సెట్ తీరంలో 11 ఏళ్ల అమ్మాయికి, వాళ్ల నాన్నకు దొరికింది. ఆ ఎముక ఒక్కటే రెండు మీటర్లు దాటింది. జంతువు పొడవు సుమారు 25 మీటర్లు ఉండొచ్చని శిలాజ శాస్త్రవేత్త డీన్ లోమాక్స్ బృందం అంచనా. వయసు దాదాపు 20 కోట్ల ఏళ్లు. పరిశోధన వ్యాసంలో ఆ అమ్మాయి పేరు కూడా రచయితల్లో ఉంది.

ఇవన్నీ ఇంగ్లండ్ సంగతులే అనుకోకండి. గుజరాత్‌లో కచ్ ప్రాంతంలోని లోడాయ్ గ్రామం దగ్గర దొరికిన ఐదున్నర మీటర్ల ఇక్థియోసార్‌ను (ఇక్థియోటైటన్ కూడా ఈ కోవకు చెందిన సముద్ర సరీసృపమే) 2017లో ప్రపంచానికి పరిచయం చేసింది ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్ గారు, వారి సహచరులు. భారతదేశంలో జురాసిక్ కాలపు ఇక్థియోసార్ దొరకడం అదే మొదలు. ఇక రాజమండ్రి వాళ్లకు ఇంకా దగ్గరి మాట. కాతేరు వైపు, గోదావరికి ఆవల పంగిడి, దుద్దుకూరు వైపు నల్లరాతి క్వారీల్లో, రెండు లావా పొరల మధ్య సముద్ర జీవుల శిలాజాలున్న సున్నపురాయి ఉంది. డక్కన్ ప్రాంతపు అగ్నిపర్వతాల లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి అప్పటి సముద్రపు అంచుదాకా వచ్చింది. ఆ క్వారీల్లోని సూక్ష్మ శిలాజాల ఆధారంగానే భూగర్భ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం 2008లో, ఆ అగ్నిపర్వతాల ప్రధాన దశ డైనోసార్లు అంతరించిన కాలం దగ్గరే ముగిసిందని చూపించింది. మనం ఇంటి పునాదులకు కంకర తెచ్చుకునే చోట అంత చరిత్ర ఉంది!

చివరి కార్యక్రమం జాతీయ సైన్స్ దినోత్సవం. ఫిబ్రవరి 28 శుక్రవారం కావడంతో మర్నాడు శనివారం జరిపాం. 1928లో సి.వి. రామన్ గారు రామన్ ప్రభావాన్ని కనుగొన్న రోజది. ఆయన చిన్నతనంలో చదువుకున్నది విశాఖపట్నంలో. తండ్రిగారు అక్కడి ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకులు. ఒక పదార్థం మీద ఒకే రంగు కాంతి వేస్తే, వెనక్కి చెదిరిన కాంతిలో చాలా కొద్ది భాగం రంగు మారుతుంది. ఆ మార్పును బట్టి లోపలి పరమాణువులు ఎలా కంపిస్తున్నాయో తెలుస్తుంది. ఏడాదంతా వేర్వేరుగా చేసిన రెండు పనులూ ఈ సభలో కలిశాయి. మన పరిశోధకురాలు ఈ పద్ధతిలో తీసిన నాలుగు గ్రాఫులు తెర మీద చూపించారు: పెన్సిల్ గ్రాఫైట్, గ్రాఫీన్, విట్‌బీలో ఒక పాప ఏరిన జెట్ ముక్క, అమ్మోనైట్ పెంకు.

మొదటి రెండిటిలోనూ 1580 దగ్గర నిటారుగా ఒక శిఖరం (ఈ అంకెలు కాంతి రంగు ఎంత మారిందో చెప్పే కొలత, సెంటీమీటరుకు ఇన్ని తరంగాలని). 2700 దగ్గర ఇంకొకటి. గ్రాఫీన్‌లో ఆ రెండోది ఒంటిగా, సన్నగా, మొదటిదాని కన్నా చాలా ఎత్తుగా ఉంటుంది. పొర ఒకటేనా, ఎక్కువున్నాయా అన్నది 2006 నుంచి దాని ఆకారం చూసే చెబుతున్నారు. జెట్‌లో అంత తీరైన శిఖరాలు లేవు. 1350 దగ్గరా, 1600 దగ్గరా రెండు వెడల్పాటి గుట్టలు. కర్బనమే, కానీ అమరిక కుదరలేదు. రాయి భూమి లోపల ఎంత వేడెక్కితే ఆ గుట్టలు అంత సన్నబడి గ్రాఫైట్ వైపు నడుస్తాయి. అందుకే శిలాజం ఉన్న రాయి ఒకప్పుడు ఎంత వేడి చూసిందో భూగర్భ శాస్త్రవేత్తలు ఇదే పద్ధతిలో లెక్కగడతారు. అమ్మోనైట్ పెంకులో మాత్రం 1086 దగ్గర శిఖరం వచ్చింది. అది సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేట్ గుర్తు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ముందున్నవి రెండు. ఒకటి, విట్‌బీకి మళ్లీ ప్రయాణం. ఈసారి రెండు బస్సులు కావాలి, పోయినసారి సీట్లు చాలక కొన్ని కుటుంబాలు ఆగిపోయాయి. రెండోది, కంబ్రియాలోని బారోడేల్ లోయ. 16వ శతాబ్దంలో అక్కడ బయటపడిన స్వచ్ఛమైన గ్రాఫైట్ వల్లే ఇంగ్లండ్‌లో పెన్సిళ్ల తయారీ మొదలైంది. కొండ నడక ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ల కోసం కింద ఊళ్లోనే వేరే ఏర్పాటు చేస్తాం.

ఇందుకు పిల్లల కొలతల్లో రక్షణ కళ్లద్దాలు, చిన్న సుత్తులు, ప్రథమ చికిత్స తెలిసిన ఇద్దరు సభ్యులు కావాలి. తెలుగులో సైన్స్ చెప్పగలిగిన వాళ్లు, ఏ శాఖ వారైనా సరే, ముందుకు రావాలి. డాక్టర్లు, ఇంజినీర్లు మనలో కొదవ లేదు. పేర్లు మే నెలాఖరులోగా ఉపసంఘానికి ఇవ్వండి. ఈ కార్యక్రమాలు కొనసాగించాలా వద్దా అన్న తీర్మానం సర్వసభ్య సమావేశం ఎజెండాలో మూడో అంశంగా ఉంది. అందరూ వచ్చి ఓటు వేయవలసిందిగా మనవి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి