జూన్ 1 దాకా ఆగరా శీనూ

హైదరాబాద్,
2026 ఏప్రిల్ 26, ఆదివారం

ఒరేయ్ శీనూ,

నిన్న రాత్రి ఫోన్ పెట్టేసే ముందు "సోమవారం లాగిన్ అవగానే రాజీనామా పేపర్లు పెట్టేస్తా" అన్నావు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. మళ్ళీ ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో నువ్వు నన్ను పూర్తిగా చెప్పనివ్వవు. అందుకే కూర్చుని రాస్తున్నాను. రేపు సిస్టమ్ ఆన్ చేసేలోపు ఇది మొత్తం చదువు.

ముందు ఒక మాట. నువ్వు అక్కడి నుంచి వెళ్ళిపోవాలి. ఈ విషయంలో నిన్ను ఆపను. బాపుకి బైపాస్ అయినప్పుడు నువ్వు పెట్టింది నీ లెక్కలో ఉన్న సెలవే. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని కూడా కాల్స్ ఎత్తావు. అయినా రేటింగ్ తగ్గించారు, అదీ పదిమంది ఉన్న కాల్‌లో చెప్పారు. అలాంటి చోట ఎవరూ ఉండనక్కర్లేదు. జీతం కోసం భరించమని నీకు చెప్పే మనిషిని కాదు నేను.

నేను చెప్పేదంతా తేదీ గురించే. కోపమొచ్చిన రోజున రాజీనామా చేస్తే ఆ తేదీ నువ్వు ఎంచుకున్నది కాదు, నీకు కోపం తెప్పించినవాడు ఎంచినది. వెళ్ళిపోయేవాళ్ళ లెక్కలు తేల్చడమే కదా పేరోల్‌లో నా పని. కొద్ది వారాల తేడాతో లక్షలు వదులుకున్నవాళ్ళ ఫైళ్ళు నా చేతుల మీదుగా పోయాయి. వాళ్ళలో నువ్వొకడివి కావడం నేను చూడలేను.

నువ్వు చేరింది 2021 ఆగస్టు 16న. లాప్‌టాప్ కొరియర్‌లో ఇంటికొస్తే మనిద్దరం కలిసి డబ్బా విప్పాం, గుర్తుందా? అంటే ఐదేళ్ళు నిండేది ఈ ఆగస్టు 15కి. నీ నోటీస్ 90 రోజులు. రేపు, ఏప్రిల్ 27న పెడితే, జూలై 26కి బయటికొస్తావు. గ్రాట్యుటీకి, అంటే ఇన్నేళ్ళు పనిచేసినందుకు వెళ్ళేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తానికి, ఐదేళ్ళ సర్వీసు కావాలి, నీకు మూడు వారాలు తక్కువ పడుతుంది.

ఆ మూడు వారాల ఖరీదు ఎంతో చూడు. ఆఖరి నెల బేసిక్ జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్ళు చేశావో దానితో మళ్ళీ గుణిస్తారు. నీ బేసిక్ 60,000 అన్నావు కదా, ఐదేళ్ళకి 1,73,000 చిల్లర వస్తుంది. పైగా కిందటేడు నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్లు, అంటే కార్మిక చట్టాలు, అమల్లోకొచ్చాయి. అలవెన్సులు మొత్తం ప్యాకేజీలో సగం దాటితే, దాటినదాన్ని కూడా వేతనం కిందే లెక్కేయాలంటున్నాయి. కాబట్టి నీ అంకె ఇంకొంచెం పెరగొచ్చు కూడా. ఒక ఏడాదికే గ్రాట్యుటీ అని వాట్సాప్‌లో తిరుగుతోంది చూడు, అది ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్టు మీద చేరినవాళ్ళకి. నీలాంటి పర్మనెంట్ వాళ్ళకి ఐదేళ్ళు ఐదేళ్ళే.

మీ ఆఫీసులో ఎవరో "నాలుగేళ్ళ 240 రోజులు చాలు" అన్నారని చెప్పావు. అది ఊరికే పుట్టిన మాట కాదు, మద్రాస్ హైకోర్టు తీర్పు ఒకటుంది. కానీ చాలా కంపెనీలు దాన్ని ఒప్పుకోవు, ఐదేళ్ళు నిండాలనే పట్టుబడతాయి. అప్పుడు లేబర్ ఆఫీసు చుట్టూ తిరగాల్సింది నువ్వు. బాపుని చూసుకుంటూ, కొత్త ఉద్యోగంలో కుదురుకుంటూ, ఇది కూడా ఎందుకురా? కొన్ని వారాలు ఆగితే ఎవరితోనూ వాదించే పని ఉండదు.

రెండోది వేరియబుల్, అదే ఏడాది పనిని బట్టి ఇచ్చే బోనస్. మే జీతంతో వస్తుందన్నావు. మీ పాలసీ కాగితం ఒకసారి తీసి చూడు. చాలాచోట్ల రాజీనామా పెట్టి నోటీస్‌లో ఉన్నవాళ్ళకి వేరియబుల్ ఇవ్వరు. కష్టపడింది పోయిన ఏడాదంతా, వదులుకునేది ఒక్క మెయిల్‌తో! మీ మేనేజర్ ఎంత ఇస్తాడో అది వాడి ఇష్టం, వచ్చింది బ్యాంకులో పడ్డాకే మెయిల్ కొట్టు.

అందుకే నా లెక్కలో నీ తేదీ జూన్ 1, సోమవారం. మే జీతం, వేరియబుల్ చేతికొచ్చి ఉంటాయి. అప్పటి నుంచి 90 రోజులంటే ఆగస్టు 30. ఐదేళ్ళు దాటి ఇంకో రెండు వారాలు చేతిలో ఉంటాయి.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. నోటీస్ తగ్గించి ముందే పంపించేసే హక్కు కంపెనీకి ఉంటుందని చాలా అపాయింట్‌మెంట్ లెటర్లలో రాసి ఉంటుంది. నువ్వు జూన్ 1న పెడితే, వాళ్ళు జూలైలోనే రిలీవ్ చేస్తే, సర్వీసు అక్కడితో తెగిపోతుంది. నీ మాడ్యూల్ తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి అలా పంపరనే నేను అనుకుంటున్నాను. కానీ అనుకోవడం మీద అంత డబ్బు పెట్టలేం. నీ లెటర్‌లో ఆ క్లాజ్ ఎలా ఉందో చదువు. మరీ ఏకపక్షంగా ఉండి, కొత్త కంపెనీవాళ్ళు ఆగడానికి ఒప్పుకుంటే, ఆగస్టు 17న పెట్టడమే క్షేమం.

కొత్తవాళ్ళ సంగతికొస్తే, రాయదుర్గం కంపెనీ వాళ్ళు ఫోన్లో "సెలెక్ట్ అయ్యారు" అన్నారు తప్ప లెటర్ రాలేదు కదా. అది రానిదే రాజీనామా మాట ఎత్తకు. జీతం ఎంతో విడివిడిగా రాసి, సంతకంతో, చేరే తేదీతో లెటర్ నీ మెయిల్‌కి రావాలి. "నోటీస్ మేం బయౌట్ చేస్తాం, నెలలో వచ్చేయండి" అంటే మొహమాటపడి సరేననకు. వాళ్ళు కట్టేది నువ్వు చేయని నోటీస్ రోజుల డబ్బు, నీ గ్రాట్యుటీ కాదు. ఆగస్టు 31 సోమవారం చేరతానని ఇప్పుడే అడుగు. తొంభై రోజుల నోటీస్ ఈ ఊళ్ళో అందరికీ తెలిసిందే, అడిగితే తప్పుగా ఏమీ అనుకోరు. ఒకవేళ మధ్యలో వాళ్ళే ఆఫర్ వెనక్కి తీసుకుంటే నిజాంపేట ఫ్లాట్ ఈఎంఐ ఆగకూడదు. ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు పక్కన ఉన్నాయో లేదో చెల్లెమ్మతో కూర్చుని చూసుకో. అసలు చెల్లెమ్మకి చెప్పావా? నిన్న నీ మాటలు వింటే చెప్పలేదనిపించింది. ముందు తనకి చెప్పరా. ఇంటి లెక్క నీకంటే తనకే బాగా తెలుసు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెడుతున్నది బాపు ఇన్సూరెన్స్. బాపు, అమ్మ ఇద్దరూ నీ కంపెనీ గ్రూప్ పాలసీలో ఉన్నారు. అది మామూలుగా నీ ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది. కొత్త కంపెనీ పాలసీలో తల్లిదండ్రులని చేరుస్తారో లేదో, చేరిస్తే నువ్వు చేరిన మొదటి రోజు నుంచే కవర్ ఉంటుందో లేదో హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడుగు, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకో. మధ్యలో ఒక్కరోజు ఖాళీ కూడా వద్దు. అందుకే శుక్రవారం రిలీవ్ అయి మధ్యలో తిరుమల వెళ్ళొచ్చి తీరిగ్గా చేరతానన్న నీ ప్లాన్ నాకు నచ్చలేదు. వెంకన్న దర్శనం నువ్వు చేరాక లీవు పెట్టి చేసుకుందువు గాని, నేనూ వస్తాను.

ఇంకొకటి. గ్రూప్ పాలసీలో ఉన్నవాళ్ళు అదే ఇన్సూరెన్స్ కంపెనీ సొంత పాలసీలోకి మారొచ్చు. ఇన్నేళ్ళు కవర్‌లో ఉన్నందుకు వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే పాత జబ్బులకి క్లెయిమ్ ఇవ్వని కాలంలో, అది కలిసొస్తుంది. విడిగా కొత్త పాలసీ తీసుకుంటే గుండె, షుగర్ లాంటి పాత జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అసలు ఇవ్వమని కూడా అనొచ్చు. మారేటప్పుడు కూడా బాపు రిపోర్టులు చూసే నిర్ణయిస్తారు, కాబట్టి ఆఖరి వారం దాకా ఆగితే లాభం లేదు. జూన్ మొదట్లోనే మొదలుపెట్టు, ఆపరేషన్ సంగతి ఏదీ దాచకుండా రాయి. ప్రీమియం ఎక్కువే ఉంటుంది. కిందటేడు సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు, 18 శాతం భారం తగ్గింది. కంపెనీలు మారినప్పుడల్లా బాపు కవర్ గురించి భయపడే కంటే ఆ ఖర్చు పెట్టడమే మేలని నా ఉద్దేశం. నువ్వు ఇంకేది మర్చిపోయినా ఇది మర్చిపోకు.

ఇక ఎలా చెప్పాలో. మెయిల్‌తో మొదలుపెట్టకు. మీ మేనేజర్‌ని విడిగా కలిసి చెప్పు. అతను నీతో ఎలా నడుచుకున్నా సరే, ఈ వార్త పోర్టల్ నోటిఫికేషన్‌లో చూసుకునే పరిస్థితి రానివ్వకు. ఎందుకంటే ఆ తర్వాత తొంభై రోజులు నీ సెలవులు, కేటీ (నీ పని ఇంకొకరికి నేర్పి అప్పగించడం), రిలీవింగ్ తేదీ అన్నీ అతని చేతిలోనే ఉంటాయి. "ఇంకోచోట అవకాశం వచ్చింది, తీసుకుంటున్నాను" అంటే చాలు. ఎక్కడ, ఎంత అని అడుగుతాడు. చెప్పాల్సిన పని లేదు. ఆ రోజే పోర్టల్‌లో పెట్టి, మెయిల్ కూడా పంపు. రాజీనామా చేస్తున్నానని, కాంట్రాక్టు ప్రకారం ఆఖరి రోజు ఇదని, ఇన్నాళ్ళ అవకాశానికి థ్యాంక్స్ అని రాస్తే సరిపోతుంది. అందినట్టు వచ్చిన జవాబు దాచుకో.

రేటింగ్ అన్యాయం గురించి ఆ మెయిల్‌లో రాయాలని ఉంటుంది నీకు, తెలుసు. రాయొద్దనే అంటాను. అది అడగాల్సిన విషయమే. అడగాలనుంటే ఇప్పుడే, ఈ మే నెలలోనే, హెచ్‌ఆర్‌కి విడిగా రాయి. సెలవు తేదీలు, ఆమోదించిన మెయిల్స్ జతచేసి పద్ధతిగా అడుగు. రాజీనామాలో కలిపితే వెళ్ళిపోయేవాడి కోపం కింద పక్కన పడేస్తారు.

తర్వాత ఎవరో డైరెక్టర్ నిన్ను పిలుస్తాడు. ఇంత పెంచుతాం, ఉండిపో అంటాడు. నీ మాడ్యూల్ చూస్తే ఇది ఖాయమనిపిస్తోంది. నిన్న రెండు గంటలు మాట్లాడావు, ఒక్కసారి కూడా డబ్బు ఊసెత్తలేదు. నలుగురిలో చిన్నబుచ్చారనే బాధపడ్డావు. జీతం పెంచినా ఆ మనిషి అక్కడే ఉంటాడు, ఆ కాల్స్ అలాగే ఉంటాయి. మర్యాదగా వద్దను. ఈలోగా రాయదుర్గం వాళ్ళకి మాట ఇచ్చి ఉంటావు కూడా.

నోటీస్‌లో పని బాగా చెయ్యి. నీకు చెప్పక్కర్లేదు, అయినా చెప్తున్నాను. సెలవు పెడితే కొన్నిచోట్ల ఆఖరి తేదీని అన్ని రోజులు పొడిగిస్తారు, కాబట్టి బాపు చెకప్ మేలోనే చేయించు. పే స్లిప్పులు, పాత పన్ను కాగితాలు దింపుకో. కంపెనీ ఫైళ్ళు మాత్రం ఒక్కటీ సొంత మెయిల్‌కి పంపుకోకు, ఆఖరి వారంలో అవే చూస్తారు. పీఎఫ్ డబ్బు తీయకు, కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టు. కొత్తచోట పన్ను కోసం ఇక్కడి జీతం వివరాలు ఇవ్వు, లేకపోతే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ రెండుచోట్లా లెక్కలోకి వచ్చి ఏడాది చివర పన్ను మీద పడుతుంది. ఆఖరి జీతం నువ్వు ఉద్యోగం వదిలాక రెండు పనిరోజుల్లో ఇవ్వాలని కొత్త కోడ్ చెప్తోంది, గ్రాట్యుటీకి 30 రోజులు గడువు. ఆలస్యమైతే మొహమాటపడకుండా రాసి అడుగు.

అమ్మ గురించి కూడా ఆలోచించాను. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. "అధిక మాసంలో ఉద్యోగం మారడమేంట్రా" అని అమ్మ కచ్చితంగా అంటుంది. ఇలా చెప్పు: జూన్‌లో మనం కొత్తది ఏదీ మొదలుపెట్టట్లేదమ్మా, పాతది వదులుకుంటున్నానని కబురు చేస్తున్నాం అంతే. చేరేది ఆగస్టు 31న, అప్పటికి ఆషాఢం కూడా దాటిపోయి శ్రావణం నడుస్తుంటుంది. ఆమె మనసు కుదుటపడుతుంది. బాపు ఆపరేషన్ దగ్గర్నుంచి ఆవిడ ప్రతిదానికీ బెదిరిపోతోంది, ఆ మాత్రం ధైర్యం మనం ఇవ్వాలి.

ఈ నెల రోజులు ఆ కాల్స్‌లో కూర్చోవడం కష్టమని నాకు తెలుసు. కష్టమైన రోజు సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి. నానక్‌రామ్‌గూడలో నీ ఆఫీసు దగ్గరికే వస్తాను, ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు పక్కన టీ తాగుతూ ఎంతసేపైనా మాట్లాడుకుందాం. తేదీ ఖాయమైంది కాబట్టి ఇక అక్కడ నువ్వు ఎవరికీ ఏమీ నిరూపించక్కర్లేదు.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం చెల్లెమ్మని తీసుకుని భోజనానికి రా. అపాయింట్‌మెంట్ లెటర్, వేరియబుల్ పాలసీ కాగితం, ఇన్సూరెన్స్ కార్డు తెచ్చుకో. ఆ క్లాజ్ ఇద్దరం కలిసి చదువుదాం. రేపు పొద్దున మాత్రం పోర్టల్ తెరవకు. తెరవలేదని తొమ్మిదింటికి నాకు ఒక్క మెసేజ్ పెట్టు.

నీ
రమేష్