ప్రాజెక్టు ముగిసినా బోర్ల లెక్క ఆగకూడదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా ప్రభుత్వం తన అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాలకు 2025 జులై 1తో స్వస్తి చెప్పిన నాటి నుంచి, విదేశీ సాయం ఆగిపోతే మన దేశానికి జరిగే నష్టం ఎంత అన్న చర్చ పత్రికల్లోనూ టీవీల్లోనూ సాగుతోంది. మన బడ్జెట్ ముందు ఆ సొమ్ము ఏపాటిదని కొందరు, సాయంతో పాటు వచ్చే పెత్తనం వదిలిందని మరికొందరు అంటున్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే సాయం వచ్చి, ఖర్చయి, దాతలు వెళ్లిపోయాక ఊళ్లో ఏం మిగిలిందన్నది ఈ చర్చలో ఎక్కడా వినిపించడం లేదు. బోరు మీద ఆధారపడి సేద్యం చేసే వాడిగా నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో 1995లో ఏపీవెల్ అనే ప్రాజెక్టు మొదలైంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో చిన్న, సన్నకారు రైతులను బృందాలుగా చేర్చి ఉమ్మడి బోర్లు వేయించడం దాని పని. బోర్లు వేస్తే సరిపోదని, భూమిలో నీరు ఎంత ఉందో తెలియకపోతే అవి ఎండిపోవడం ఖాయమని ఆ అనుభవంలోనే తేలింది. దానికి కొనసాగింపుగా 2003లో రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జలాల యాజమాన్య పథకం వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే కేంద్ర ప్రభుత్వం కొన్ని పెద్ద దేశాల నుంచి మాత్రమే నేరుగా సాయం తీసుకుంటామని విధాన నిర్ణయం చేయడంతో, నెదర్లాండ్స్ సొమ్ము ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా రావలసి వచ్చింది. ఈ చేతులు మారడాలన్నీ రైతుకు తెలియవు. ఆయనకు తెలిసిందల్లా ఊళ్లో జరిగిన పని.

ఆ పని ఎలా సాగిందో ఈ తరం పాఠకులకు చెప్పాలి. పదిహేను రోజులకోసారి ఊరి రైతులే ఎంపిక చేసిన బోర్లలోకి టేపు దింపేవారు. దాని కొస నీటిని తాకగానే పైన బీప్‌మని శబ్దం వచ్చేది. అక్కడ టేపు మీద ఎన్ని మీటర్లుంటే అన్ని మీటర్లని పుస్తకంలో రాసుకునేవారు. బోరు ఎంత పోస్తోందో తెలుసుకోవడానికి కొలత తెలిసిన డ్రమ్ము పెట్టి, అది నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసేవారు. వాన పడిన రోజున వర్షమాపకం చూసి ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందో నమోదు చేసేవారు. ఈ అంకెలన్నీ ఊళ్లో అందరికీ కనిపించే బోర్డు మీదికి ఎక్కేవి. రబీ ముందు అందరూ కూర్చుని, ఖరీఫ్‌లో కురిసిన వానకు భూమిలోకి ఎంత ఇంకింది, ఎవరెవరు ఏయే పంట ఎన్ని ఎకరాల్లో వేయాలనుకుంటున్నారు, దానికి ఎంత నీరు కావాలి అని లెక్క వేసేవారు. వరి వేయవద్దని ఎవరూ ఎవరినీ శాసించలేదు, సబ్సిడీ ఆశ చూపలేదు. లోటు ఎంతో కళ్ల ముందు కనిపిస్తే శనగకో మరో ఆరుతడి పంటకో ఎవరికి వారే మారేవారు. ఏడు జిల్లాల్లో 600కు పైగా ఆవాసాల్లో ఇలా సాగిన ఈ ప్రయత్నాన్ని 2010లో భారత భూగర్భ జలాలపై ప్రపంచ బ్యాంకు వెలువరించిన నివేదిక ప్రత్యేకంగా ప్రస్తావించింది.

రాతి నేలల్లో ఈ లెక్కకున్న విలువ ఇంతా అంతా కాదు. మా ప్రాంతంలో నీరు ఉండేది రాతి పగుళ్లలో. మంచి వాన పడితే నిండుతుంది, రెండు పంట కాలాలు తోడితే అడుగంటుతుంది. 2002లో కొత్త బోర్లను అదుపు చేసే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) వచ్చినా బోర్ల మీద బోర్లు పడుతూనే ఉన్నాయి. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం కావడంతో ఎంత తోడినా జేబుకు తెలియని పరిస్థితి వచ్చింది. చట్టం చేయలేనిదీ ధర చేయనిదీ కొంతైనా చేయగలిగింది రైతు స్వయంగా రాసుకున్న అంకె ఒక్కటే.

ప్రాజెక్టు గడువు తీరాక, నేనెరిగిన ఊళ్లలో ఆ పుస్తకాలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. టేపు చెడిపోతే బాగు చేయించే దిక్కు లేదు, అంకెలన్నీ చేర్చి రబీ లెక్క కట్టడంలో తోడ్పడే కార్యకర్త లేడు, ఊళ్లన్నిటినీ కూర్చోబెట్టే సమావేశానికి పిలిచేవారు లేరు. వీటికయ్యే ఖర్చు ఒక చెక్‌డ్యామ్ ఖర్చులో చిన్న భాగం కూడా కాదు. అయినా అది ఏ శాఖ పద్దులోనూ చేరలేదు. ఇందులో దాతలను తప్పుపట్టలేం. ప్రాజెక్టుకు గడువు ఉందని మొదటి రోజు నుంచీ అందరికీ తెలుసు. గడువు తర్వాత ఆ పనిని తనదిగా స్వీకరించవలసింది మన ప్రభుత్వం.

అలా స్వీకరించినప్పుడు ఏం జరుగుతుందో కూడా మన దగ్గరే చూశాం. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత బలపడిన పొదుపు సంఘాలకు 1990లలో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సాయం అందింది. రాష్ట్ర ప్రభుత్వం 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్‌ను ఏర్పాటు చేసి, ప్రపంచ బ్యాంకు రుణంతో వెలుగు పథకం నడిపి, సంఘాలను గ్రామ సంఘాలుగా, మండల సమాఖ్యలుగా చేర్చి, బ్యాంకు లింకేజీ కల్పించింది. విదేశీ రుణం ముగిసినా సంఘం మూతపడలేదు, ఎందుకంటే అప్పటికే దానికి సొంత పొదుపు, బ్యాంకు ఖాతా, ప్రభుత్వ బడ్జెట్‌లో చోటు ఉన్నాయి. 2011లో వచ్చిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు ఈ అనుభవం పునాది అయింది. మన మహిళలు బిహార్ దాకా వెళ్లి అక్కడి ఆడవారికి సంఘం నడపడం నేర్పి వచ్చారు. నాకు దీనికి మించిన గర్వకారణం మరొకటి లేదు.

నీటి లెక్క విషయంలో మాత్రం చేతికొచ్చింది జారవిడుచుకున్నాం. కేంద్రం 2019 డిసెంబరులో ప్రారంభించిన అటల్ భూజల్ యోజన రూ.6,000 కోట్ల పథకం. అందులో సగం ప్రపంచ బ్యాంకు రుణం. గ్రామ పంచాయతీ స్థాయిలో నీటి బడ్జెట్ వేసుకోవడం, ప్రజలే కొలతలు తీసుకోవడం దానికి ప్రాణం. ఆ పథకానికి ఎంపికైనవి గుజరాత్, హరియాణా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్. అంతకు పదిహేనేళ్ల ముందే ఆ పని చేసి చూపిన రైతులున్న రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో లేవు. ఈ సంగతి చదివినప్పుడు కలిగిన బాధ నాకింకా తగ్గలేదు.

నీటిమట్టం కొలవడానికి భూగర్భ జల శాఖ వేసిన బోర్లు, అంటే పీజోమీటర్లు, ఉన్నాయి కదా, నీటిమట్టాల వివరాలు ఆన్‌లైన్‌లోనే దొరుకుతున్నాయి కదా అని అధికారులు అనవచ్చు. అవి అవసరమే. అయితే మండలంలో ఎక్కడో ఉన్న పీజోమీటరు చెప్పే అంకెను చూసి తన చేలో వరి మానుకునే రైతును నేను చూడలేదు. పక్క చేనివాడితో కలిసి తానే కొలిచిన అంకెను మాత్రం రైతు నమ్ముతాడు.

ఇప్పుడు మనకు వస్తున్నది ఎక్కువగా సాయం కాదు, అప్పు. అమరావతి నిర్మాణానికి 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 78.88 కోట్ల డాలర్లు మంజూరు చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయానికి జర్మనీ అభివృద్ధి బ్యాంకు రుణం ఉంది. వీటికీ ఒక రోజు గడువు తీరుతుంది. కాబట్టి విదేశీ సాయమైనా రుణమైనా ఒప్పందం మీద సంతకం చేసే ముందే, ప్రాజెక్టు ముగిశాక నిర్వహణ ఎవరిది, ఏ పద్దు నుంచి, ఎందరు సిబ్బందితో అన్న వివరాన్ని శాసనసభ ముందు ఉంచాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

ఆలోగా చేయగలిగింది కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామానికి రైతు సేవా కేంద్రం, తెలంగాణలో క్లస్టరుకు రైతు వేదిక, వ్యవసాయ విస్తరణాధికారి ఉన్నారు. పాత ఏడు జిల్లాల పరిధిలో నాడు కొలతలు తీసిన రైతుల్లో చాలామంది ఇంకా సేద్యంలోనే ఉన్నారు. వారిని పిలిపించి, ప్రతి కేంద్రానికీ ఒక టేపు, ఒక వర్షమాపకం, ఒక బోర్డు ఇచ్చి, రాబోయే రబీ విత్తనాలకు ముందే ఊరి నీటి లెక్కను గ్రామసభలో చదివించేలా రెండు రాష్ట్రాల వ్యవసాయ, భూగర్భ జల శాఖలు ఉత్తర్వులు ఇవ్వాలి.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, రైతు
నంద్యాల జిల్లా