ఎర్రగుడి బండ మీద మడకసాళ్లు

సంపాదకులకు నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో ప్రపంచ చరిత్రలోని వింతల గురించి వస్తున్న వ్యాసాలను మా తొమ్మిదో తరగతి పిల్లలు పోటీపడి చదువుతారు. నేను వాటిని కత్తిరించి తరగతి గోడకు అంటిస్తాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ అభిమానమే. పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ దీవిలో దొరికిన, రొంగోరొంగో అనే లిపి చెక్కిన చెక్క పలకలను నేటికీ ఎవరూ చదవలేకపోయారని చెప్పిన ఇటీవలి వ్యాసం గ్రహాంతరవాసుల ప్రస్తావనతో ముగిసింది. ఆ పలకలను చదవగలిగినవారు ఏమయ్యారో మాత్రం అందులో లేదు. 1862లో పెరూ నుంచి వచ్చిన బానిస వ్యాపారుల ఓడలు ఆ దీవి జనాన్ని వందల సంఖ్యలో పట్టుకుపోయాయి. పోయినవారిలో చదువు తెలిసిన పెద్దలూ ఉన్నారు. తిరిగివచ్చిన కొద్దిమంది వెంట మశూచి వచ్చింది. ఆ లిపి మూగబోయింది అలా. ఈ సంగతి వదిలేస్తే, ఒక జాతికి జరిగిన ఘోరం పిల్లల కంటికి వట్టి వింతగా మిగిలిపోతుంది.

ఆ పలకల్లో ఒక వరుస పూర్తికాగానే పలకను తలకిందులుగా తిప్పి తర్వాతి వరుస చదవాలని మీ వ్యాసంలో చదివినప్పుడు నాకు మా ఎర్రగుడి గుర్తొచ్చింది. గుత్తి, పత్తికొండల మధ్య జొన్నగిరి దగ్గర ఉన్న ఆ బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దపు అశోకుని శాసనాలున్నాయి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. పిల్లలను అక్కడికి తీసుకెళ్లి, నకలు కాగితం మీద వేలు పెట్టి ఆ వరుసలు చూపించినప్పుడు, బుడ్డలు (వేరుశనగ) పండించే ఇంటి పిల్లవాడొకడు “మడక తోలినట్లుంది సార్, ఆ చివరికి పోయి మళ్లీ తిరిగి వస్తాంది” అన్నాడు. ప్రాచీన గ్రీకులు ఈ రాతకు పెట్టిన పేరుకు అర్థం కూడా దున్నే ఎద్దు మళ్లినట్లు అనే. ఆ మాట చెప్పగానే వాడి ముఖం వెలిగిపోయింది.

ఆ లేఖకుడు ఎందుకలా చెక్కాడన్నది నిజమైన చిక్కుముడి. కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనం చివర చపడుడనే లేఖకుడు తన వృత్తి పేరును ఖరోష్ఠిలో, అంటే వాయవ్య భారతంలో వాడిన, కుడి నుంచి ఎడమకు రాసే లిపిలో చెక్కాడు. వాయవ్యాన అలవాటైన చేయి ఒకటి దక్షిణాదికి వచ్చిందనడానికి అది ఆధారం. ఎర్రగుడిలోనూ అటువంటి చేయే పనిచేసి ఉండవచ్చునని నాకనిపిస్తుంది.

చిక్కుముడి విప్పిన కథలు ఇంతకంటే రుచిగా ఉంటాయి. 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ అశోక స్తంభాలను ఢిల్లీకి తెప్పించినప్పుడు వాటి మీది అక్షరాలను చదవగల పండితుడు దొరకలేదు. జనం వాటిని భీముని చేతికర్రలన్నారు. 1837లో ఆంగ్ల పండితుడు జేమ్స్ ప్రిన్సెప్, సాంచీ స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె మీది చిన్న శాసనాలలో చాలావరకు ఒకే రెండు అక్షరాలతో ముగియడం గమనించాడు. మన ఊరి గుడికి బండలు పరిపించినవారు తమ పేర్లు చెక్కించుకున్నట్లే అవీ దాతల పేర్లై ఉండాలని, ఆ చివరి మాట ‘దానం’ అని ఊహించాడు. ఆ రెండక్షరాలు పట్టుకుని, అశోక స్తంభాల మీద ఉన్న ఆ బ్రాహ్మీ లిపినంతా విప్పాడు. ఈజిప్టు పిరమిడ్లకు రాయి ఎలా చేరిందన్న సంగతీ అంతే: తురా గనుల నుంచి పిరమిడ్లున్న గీజాకు పడవల మీద సున్నపురాయి చేరవేసిన మెరెర్ అనే అధికారి దినచర్య రాసిన పపైరస్ కాగితాలు 2013లో ఎర్రసముద్రపు ఒడ్డున దొరికాయి.

కాబట్టి ప్రతి వింత వ్యాసానికీ తోడుగా, దాని గురించి ఇప్పటికి ఏమి తెలిసింది, ఎలా తెలిసింది అన్న సంగతిని నాలుగు వాక్యాలైనా చేర్చమని కోరుతున్నాను. ఆ శీర్షికలో ఎర్రగుడికీ ఒక ఆదివారం కేటాయించండి. తిరిగివచ్చే ఆ వరుసలు స్పష్టంగా కనిపించే ఫోటో వేస్తే, మా తరగతి గోడ మీద దానికి చోటు ఉంచాను.

ఇట్లు,
సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
పత్తికొండ, కర్నూలు జిల్లా.