ఎంపికలకు ముందు పుట్టినతేదీ చూసుకోండి

కబడ్డీ, ఖోఖో పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం. తిరుపతిలో ఎంపికలకు బయలుదేరే ముందు ఒక్క మాట.

స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19 అని మూడు విభాగాలు. వయసును ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి లెక్కిస్తారు. "మావాడు ఎనిమిదో తరగతే కదా సార్" అంటే కుదరదు, తరగతి కాదు, తేదీ ముఖ్యం. జనవరి 1న పుట్టినవాడికి ఛాన్స్ ఉండి, ముందురోజు పుట్టినవాడికి పోతుంది. బాధే, కానీ ఏదో ఒకచోట గీత గీయాలి కదా.

అసలు తలనొప్పి ఆధార్‌తో. పోయినసారి మన అబ్బాయి ఒకడికి ఆధార్‌లో ఒక తేదీ, స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇంకో తేదీ. బాగా ఆడేవాడు, గ్రౌండ్ బయటే కూర్చున్నాడు. ఆ రోజు వాళ్ళ నాన్న మొహం చూడలేకపోయాను. తప్పుంటే జనన ధృవీకరణ పత్రం తీసుకుని ఇప్పుడే మీసేవకో, ఆధార్ సెంటర్‌కో వెళ్ళండి. చివరి రోజు నాకు ఫోన్ చేస్తే నేనేం చేయలేను.

వయసు తగ్గించి రాయించమని మాత్రం అడక్కండి. అనుమానమొస్తే మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూసే పద్ధతి ఉంది.

కబడ్డీ పిల్లలకు బరువు కూడా చూస్తారు. అలాగని అన్నం మాన్పించకండమ్మా!

ఎంట్రీ ఫారం మీద హెచ్ఎం సంతకం, సీలు మర్చిపోవద్దు.