వార్షిక నివేదిక 2025–26: మిగ్‌లకు రంగు వేసిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

చెన్నైలోని మన తెలుగు ప్లాస్టిక్ మోడల్ మిత్రులం ఈ ఏడాది కూడా నెలకో ఆదివారం కలిశాం. వానల వల్ల ఒక సమావేశం వాయిదా పడింది. జమాఖర్చుల సంగతి చివర చెబుతాను. ఏడాది పొడవునా మనల్ని ఎక్కువ బాధపెట్టినవి రంగు మీద వచ్చిన మచ్చలు, కాబట్టి ముందు వాటి గురించి.

1963లో మన వైమానిక దళంలో చేరిన మిగ్-21 యుద్ధవిమానం, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. ఆ వారమే తలా ఒక మిగ్ మోడల్ చేయాలని అనుకున్నాం. తొలినాళ్ల మిగ్‌లలాగా వెండి రంగే వేద్దామని పట్టుబట్టింది నేనే. వెండి రంగు కింద ఉన్న ఏ లోపాన్నీ దాచదు. సన్నటి గీత, దుమ్ము రేణువు, వేలిముద్ర అన్నీ పైకి కనిపిస్తాయి. అందుకే దాని కింద నిగనిగలాడే నల్లటి పూత వేయాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

అక్టోబరు చివర్లో, ముసురు పట్టిన రోజున వలసరవాక్కంలో మా బాల్కనీలో కూర్చుని నల్ల లాకర్ (త్వరగా ఆరే ఒక రకం రంగు) కొట్టాను. రెక్క అద్దంలా మెరిసింది. కాసేపటికే రెక్క మొదట్లో పాలు చల్లినట్టు తెల్లటి పొర కనిపించింది, చూస్తుండగానే కొస దాకా పాకింది. గుడ్డ తీసుకుని తుడవబోయి, చివరి క్షణంలో ఆగాను.

లాకర్‌లోని థిన్నర్, అంటే రంగును పలచన చేసే ద్రవం, చాలా వేగంగా ఆవిరవుతుంది. అలా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు ఆ చల్లటి పూత మీద నీరు పట్టి, రంగులోనే చిక్కుకుపోతుంది. అదే ఆ తెలుపు. మూడు రోజులు ఆగి, వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్ ఒక్కటే పలచగా, తుంపరలా రెండుసార్లు కొట్టాను. పైపొర కాస్త కరిగి, మళ్లీ నెమ్మదిగా ఆరింది. నలుపు తిరిగి వచ్చింది. ఆ రోజు తుడిచి ఉంటే రెక్క పోయేది.

అడయార్ సభ్యులొకరికి ఆ అదృష్టం దక్కలేదు. మచ్చ పోవాలని హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో రుద్దారు. రంగుతో పాటు ప్లాస్టిక్కూ కరిగి, విమానం రేకుల అతుకులను చూపే ప్యానెల్ గీతలన్నీ చెరిగిపోయాయి. ఎన్‌సీ థిన్నర్ ఎయిర్‌బ్రష్ (గాలితో రంగును తుంపరలా కొట్టే పరికరం) కడగడానికి పనికొస్తుంది, మోడల్‌ను రుద్దడానికి మాత్రం వద్దే వద్దు. ఆక్రిలిక్ రంగు తీసేయాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు, అది ప్లాస్టిక్ జోలికి పోదు.

ఈ అనుభవంతో సంఘం సొమ్ముతో తేమ కొలిచే చిన్న మీటరు, ఎయిర్‌బ్రష్‌కు గాలి పంపే కంప్రెసర్‌కు ఆ గాలిలోని నీటిని పట్టే వాటర్ ట్రాప్ కొన్నాం. మీటరు 70 శాతం దాటితే లాకర్ ముట్టుకోకూడదని మనకు మనం గీత గీసుకున్నాం. అలాగైతే చెన్నైలో ఎప్పుడు కొడతామని కొందరు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. పొద్దున్నే కాకుండా, ఎండెక్కాక మధ్యాహ్నం చూడండి, మీటరు బాగా దిగుతుంది.

నారింజ తొక్కలా గరుకుగా వచ్చే పూత గురించి రెండు సమావేశాలు మాట్లాడుకున్నాం. రంగు చిక్కగా ఉండడమో, మరీ దూరం నుంచి కొట్టడమో కారణం. చుక్కలు పరుచుకునేలోపే ఆరిపోతాయి. రంగు పాలంత పలచగా ఉండాలి. వచ్చేసిన గరుకుకు 2000 నంబరు వాటర్ పేపర్ నీళ్లలో తడిపి, నొక్కకుండా రుద్దితే సరి. పూర్తిగా ఆరనివ్వకుండా మాత్రం పేపర్ పెట్టకండి. టేపు అంచు కిందికి రంగు పాకడం గురించి ఒక్క మాట: టేపు వేశాక ముందు కిందున్న రంగునే ఆ అంచు మీద పలచగా కొట్టండి. సందుల్లోకి పాకేది అదే రంగు కాబట్టి కనిపించదు. ఆ తర్వాతే కొత్త రంగు.

వేసవి సెలవుల్లో పిల్లలకు ఒక పూట శిక్షణ పెట్టాం. మొదటి గంటంతా గిన్నెలు తోమే సబ్బునీళ్లతో విడిభాగాలు కడిగించాం. అచ్చు నుంచి వచ్చిన నూనె జిడ్డు ఉంటే రంగు అంటుకోదు. పిల్లలు విసుక్కోలేదు. పెద్దవాళ్లం మనమే ఈ పని దాటేస్తున్నాం.

జమాఖర్చుల కాగితం విడిగా జత చేశాం. చందాలన్నీ అందాయి, బాకీలు లేవు. రంగు కొట్టేటప్పుడు కిటికీలు తెరిచి, ఆవిరి ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ తప్పకుండా పెట్టుకోండి. బట్ట మాస్క్ థిన్నర్ వాసనను ఆపలేదు.

వచ్చే సమావేశానికి అటక మీద పారేసిన పాడైన మోడల్ ఒక్కటైనా తీసుకురండి. ఆల్కహాల్ డబ్బా, పాత టూత్‌బ్రష్‌లు నేను తెస్తాను.

– కార్యదర్శి