పాత రాగి నాణేలకు చింతపండు వద్దు

సంపాదకుల వారికి,

పండుగల ముందు పత్రికల్లో వచ్చే ఇంటి చిట్కాల్లో, చింతపండులో ఉప్పు కలిపి రుద్దితే పాత రాగి నాణేలు కూడా కొత్తవాటిలా మెరుస్తాయన్న సలహా తరచు కనిపిస్తోంది. మెరిసే మాట నిజమే గాని, ఆ పని చేసిన తరువాత ఆ నాణెం ఎందుకూ కొరగాకుండా పోతుంది.

బుడితి ఇత్తడి చెంబును ఏటా తోమినా దానికి వచ్చిన లోటేమీ లేదు, అది వాడకానికి చేసిన వస్తువు. నాణెం విలువంతా పైన వెంట్రుకవాసి మందాన ఉన్న అక్షరాల్లోనే ఉంటుంది. ఏళ్ల తరబడి గాలి తగిలి రాగి మీద ఏర్పడే గోధుమ, నలుపు రంగుల పొర మురికి కాదు, కింది లోహానికి రక్షణ. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లం ఆ పొరను కరిగించి పచ్చి రాగిని బయటపెడతాయి. అది మళ్లీ మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. ఉప్పు మరీ చేటు. అందులోని క్లోరైడు నాణెం గుంటల్లో నిలిచిపోతే, కళింగపట్నం, భావనపాడు వంటి తీరపు ఊళ్ల తేమగాలికి లేత ఆకుపచ్చని పొడి రాలుతూ లోహాన్ని లోపలినుంచి తినేస్తుంది.

ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ ఇంగ్లండులో ముద్రించి తెప్పించిన 1794, 1797 నాటి రాగి నాణేల మీద, నలభై ఎనిమిది కలిస్తే రూపాయి అని ఇంగ్లీషులో ఉంటుంది. పళ్లపొడితో తోమిన అటువంటి నాణెమొకటి భూతద్దం కింద చూశాను: సంవత్సరంలో చివరి అంకె అరిగిపోయింది, మిగిలిన చోటంతా గుండ్రని సన్నగీతలే. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కాణీలంటారా, అవి కావలసినన్ని దొరుకుతాయి కనుక పిల్లలు తోముకున్నా నాకు పెద్ద అభ్యంతరం లేదు.

తప్పనిసరిగా శుభ్రం చేయాలనుకునేవారు నాణేన్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, మెత్తబడిన మట్టిని సన్నని వెదురుపుల్లతో మెల్లగా తప్పించి, రుద్దకుండా నూలుగుడ్డతో అద్దితే చాలు. జిడ్డు, టేపు జిగురు ఉంటే స్వచ్ఛమైన అసిటోన్ వాడవచ్చు. అది రాగిని ముట్టదు గాని ఇట్టే అంటుకుంటుంది కనుక గాజుగిన్నెలో, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా వాడాలి. గోళ్లరంగు తుడిచే ద్రవంలో నూనెలు, సెంట్లు కలుస్తాయి, అది పనికిరాదు. శుభ్రం చేశాక మెత్తని పీవీసీ కవర్లలో దాచితే వాటినుంచి ఊరే జిగట పచ్చదనం మళ్లీ పట్టుకుంటుంది.

శాలిహుండం, ముఖలింగం వంటి ప్రాచీన స్థలాలున్న ఈ ప్రాంతంలో పొలం దున్నేటప్పుడు నాణేలు దొరికితే మాత్రం వాటిని కడగనే కూడదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉండి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. ఏ మట్టిలో దొరికిందో ఆ మట్టితోనే అప్పగిస్తే పురావస్తు శాఖవారికి పని సులువవుతుంది. ఇకముందు చిట్కాల శీర్షికలో చెంబుల సరసన నాణేలను చేర్చవద్దని మనవి.

– ఒక పాఠకుడు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా